చెవియొగ్గే బడి

మాట మానవునికి లభించిన మహత్తరమైన సంపద. ఆకలి చెప్పుకోవడానికి, ఆనందం పంచుకోవడానికి, అన్యాయాన్ని ప్రశ్నించడానికి మాటే ఆధారం. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని తెలుగువారు ఏనాడో సామెత చెప్పుకున్నారు. కాని ఆ నోరు పలకడానికే తడబడితే, పలికిన మాట ఎదుటివారికి అర్థం కాకపోతే, విన్న మాట తనకే బోధపడకపోతే ఆ పసివాడి గతి ఏమిటి? ఇంట్లో ఉన్నంతకాలం తల్లి అతని కనుసైగను బట్టే కావలసింది గ్రహిస్తుంది. బడిలో ఆ వెసులుబాటు ఉండదు. హాజరు పలకాలి, పాఠం చదవాలి, పద్యం అప్పజెప్పాలి, అడిగిన ప్రశ్నకు లేచి నిలబడి జవాబు చెప్పాలి. బడి అనే భవనం సమస్తమూ మాట అనే పునాది మీదనే నిలిచి ఉన్నది. ఆ పునాదిలో ఇబ్బంది ఉన్న పిల్లవానికి ప్రతి గంటా ఒక పరీక్షే.

విజయనగరం జిల్లాలో చంపావతీ నది ఒడ్డున ఉన్న ఊరు నెల్లిమర్ల. ఒకవైపు రామతీర్థం కొండలు, మరొకవైపు తరతరాలుగా వేలాది కుటుంబాల బతుకుతో ముడిపడిన జనపనార మిల్లు ఆ ఊరికి గుర్తులు. మిల్లు కార్మికుల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చే రైతుకూలీల పిల్లలు, పొట్టకూటికై వలస వచ్చినవారి పిల్లలు అక్కడి బడులలో ఒకే చాపమీద, ఒకే బల్లమీద కూర్చుంటారు. అటువంటి ఒక తరగతి గదిలో ముగ్గురు పిల్లలను ఊహించుకోవచ్చు. ముగ్గురూ మాట్లాడరు. ప్రశ్న అడిగితే తల దించుకుంటారు. ముగ్గురినీ ఊరు ‘మొద్దు’ అనే ఒక్క మాటతో తేల్చివేస్తుంది. కాని ఆ మూడు మౌనాలూ ఒకటి కావు.

మొదటి పిల్లవానికి జవాబు తెలుసు. కాని మొదటి అక్షరం గొంతు దాటి రాదు. ‘ప...ప...ప...’ అంటూ అక్కడే చిక్కుకుపోతుంది. వెనుక నుండి నవ్వులు వినిపిస్తాయి. అందుకని తెలిసిన జవాబును దాచుకొని తల అడ్డంగా ఊపడం నేర్చుకున్నాడు. హాజరు పిలిచేటప్పుడు తన వంతు దగ్గర పడుతున్నకొద్దీ అతని గుండె వేగం పెరుగుతుంది. రెండవ పిల్ల చెవి తరచుగా కారుతూ ఉంటుంది. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి చెప్పిన మాటలు ఆమెను చేరవు. అడిగిన ప్రతిదానికీ తల ఊపుతుంది. మూడవ పిల్లవాని పలుకు స్పష్టంగానే ఉంటుంది, చెవులు చక్కగానే వింటాయి. కాని మధ్యాహ్న భోజనం వేళ ‘చేతులు కడుక్కొని, పళ్లెం తెచ్చుకొని, వరుసలో కూర్చోండి’ అని చెబితే అతడు నేరుగా వెళ్లి కూర్చుంటాడు. వాక్యంలోని మూడు పనులలో చివరిదే అతనికి అందింది. మిగిలినవి పక్కవారిని చూసి చేస్తాడు. మొదటివానిది పలుకులో ధార లేకపోవడం. రెండవ పిల్లది వినికిడి లోపం. మూడవవానిది భాషను గ్రహించి కూర్చుకోవడంలో ఇబ్బంది. మూడింటికీ మూడు రకాల సాయం కావాలి. పేరు పెట్టి తిట్టడం వల్ల ఏ ఒక్కటీ నయం కాదు.

పలుకు వేరు, భాష వేరు అన్న సంగతి ముందుగా గ్రహించాలి. నాలుక, పెదవులు, అంగిలి, గొంతు, ఊపిరి కలిసి చేసే ధ్వని పలుకు. ఆ ధ్వనులతో అర్థాన్ని కూర్చడం, ఎదుటివారు కూర్చిన అర్థాన్ని విప్పుకోవడం భాష. ‘కాకి’ అనబోయి ‘తాతి’ అనే పిల్లవానికి భాష ఉన్నది, పలుకులో ఒక ధ్వని కుదరలేదు. ‘రాముడు’ను ‘లాముడు’ అనే పిల్ల కూడా అటువంటిదే. ‘అమ్మ అన్నకు అన్నం పెట్టింది’ అనవలసిన చోట ఏడెనిమిదేళ్లు వచ్చినా ‘అమ్మ అన్న అన్నం పెట్టు’ అనే పిల్లవాని పలుకులో దోషం లేదు. విభక్తులు, క్రియారూపాలు అతనికి పట్టుబడలేదు. తెలుగులో ఈ లోపం చదువును మరింత దెబ్బతీస్తుంది. ఎందుకంటే తెలుగు మాటకు ప్రాణం దాని చివరలో ఉంటుంది. ‘చేశాను, చేశాడు, చేశారు’ అన్న రూపాలకు భేదమంతా కొసనే ఉన్నది. ఎవరు, ఎందరు, ఎప్పుడు అనే ప్రశ్నలకు సమాధానాన్ని పదాంతం మోస్తుంది. కొస వినబడని పిల్లకు, కొస అర్థం కాని పిల్లవానికి వాక్యమంతా చేజారిపోతుంది.

పిల్లలందరూ ఒకే రోజున మాటలు నేర్వరు. అయినా ఒక క్రమం ఉన్నది. ఏడాది నిండే వేళకు అర్థవంతమైన మొదటి మాట వస్తుంది. రెండేళ్లకు ‘అమ్మా రా’, ‘పాలు కావాలి’ వంటి రెండు మాటల కూర్పు వస్తుంది. మూడేళ్లకు చిన్న వాక్యాలు వస్తాయి. నాలుగేళ్ల నాటికి ఇంటివారే కాక కొత్తవారు సైతం వాని మాటలను చాలవరకు అర్థం చేసుకోగలుగుతారు. ‘ర’, ‘ళ’, ‘ణ’ వంటి ధ్వనులు కొంత ఆలస్యంగా కుదరడం సహజమే. కాని రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపలేకపోయినా, వచ్చిన మాటలు మళ్లీ పోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా వేచి ఉండడం తగదు. వెంటనే వినికిడి పరీక్ష చేయించాలి.

ఇక్కడే లోకంలోని నమ్మకాలు అడ్డుతగులుతాయి. మాటలు రావడం ఆలస్యమైతే వస కొమ్ము అరగదీసి నాకించడం తెలుగునాట పాత అలవాటు. గలగల మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అనడం అందువల్లనే వచ్చింది. మాట ముద్దుగా ఉన్నది గాని, వస వల్ల వినబడని చెవి వినబడదు. నాలుక కింది తీగ కోయిస్తే మాటలు వస్తాయని కొందరంటారు. మాటలు ఆలస్యం కావడానికి ఆ తీగ కారణమయ్యే సందర్భాలు బహు అరుదు. ‘మేనమామకూ మాటలు ఆలస్యమే’ అని మరికొందరు ఊరట చెందుతారు. పుట్టుకతో పై పెదవి చీలి ఉంటే దానిని ‘గ్రహణపు మొర్రి’ అని పిలిచి, కడుపుతో ఉన్న తల్లి గ్రహణం చూసినందువల్ల వచ్చిందని ఆమెనే నిందిస్తారు. గ్రహణానికీ దానికీ సంబంధమే లేదు. గర్భంలో తొలి నెలలలో పెదవి, అంగిలి భాగాలు సరిగా అతుకుకోకపోవడమే దానికి మూలం. శస్త్రచికిత్సతో పెదవినీ అంగిలినీ సరిచేయవచ్చు. ఆ తరువాత పలుకుకు సాధన చేయించవచ్చు. ఇటువంటి నమ్మకాల వల్ల కలిగే అసలు నష్టం కాలహరణం. తొలి ఐదారేళ్లలో మెదడు భాషను గ్రహించినంత సులభంగా ఆ తరువాత గ్రహించలేదు. చేజారిన ఏడాది తిరిగి రాదు.

నత్తి విషయంలోనూ అపోహలు ఎన్నో ఉన్నాయి. నూరుమంది పిల్లలలో సుమారు ఐదుగురికి చిన్నతనంలో ఎప్పుడో ఒకప్పుడు నత్తి కనిపిస్తుంది. ఎక్కువమందిలో అది దానంతటదే తగ్గుతుంది. పెద్దవారిలో నూటికి ఒకరిలో మిగులుతుంది. ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో ఇది ఎక్కువ. నత్తి బుద్ధిమాంద్యం కాదు, భయస్తుని లక్షణమూ కాదు. నత్తి ఉన్నవారితో తిరిగితే అది అంటుకోదు. ప్రాచీన గ్రీకు దేశపు మహావక్త డెమొస్తనీసు చిన్నతనంలో పలుకు తడబడేవాడని చరిత్రకారులు రాశారు. 1936లో ఇంగ్లండు రాజైన ఆరవ జార్జి నత్తితో బాధపడుతూ లయొనెల్ లోగ్ అనే వాక్చికిత్సకుని సాయం పొందాడు. నత్తి గల పిల్లవాడు నలుగురితో గొంతు కలిపి పద్యం చదివేటప్పుడు, పాట పాడేటప్పుడు సాధారణంగా తడబడడు. 1919లోనే సంగీత కళాశాల వెలసిన విజయనగరానికి ఆనుకొని ఉన్న నెల్లిమర్లలో, పద్యాన్ని రాగయుక్తంగా చదివించడం ఉపాధ్యాయులకు కొత్త సంగతి కాదు. ఆ రాగమే తరగతిలో ఒక పసివానికి ధైర్యం కాగలదు.

లోపాన్ని గుర్తించడం ఎంత అవసరమో, లేని లోపాన్ని అంటగట్టకపోవడమూ అంతే అవసరం. నెల్లిమర్ల పిల్లవాడు ‘ఏటి మేస్టారూ’ అంటాడు. ‘నేను’ అనక ‘నాను’ అంటాడు. ‘త్వరగా రా’ అనక ‘బేగి రా’ అంటాడు. ‘వదిలేశాను’ అనక ‘ఒగ్గేశాను’ అంటాడు. ఇది ఉత్తరాంధ్ర పలుకుబడి. తన తల్లి, తాత, ఇరుగుపొరుగు మాట్లాడే భాషను అతడు లోపం లేకుండా నేర్చుకున్నాడనడానికి ఇదే రుజువు. దానిని తప్పుగా దిద్దబూనితే పిల్లవాడు మాట్లాడడమే మానుకుంటాడు. అలా మానుకున్న పిల్లవానిని చూసి వీనికి మాటలు రావంటారు. అలాగే కొండ మీద సవరభాషనో, కువిభాషనో మాట్లాడే ఇంటి నుండి, లేదా ఒడియా మాట్లాడే ఇంటి నుండి వచ్చిన పిల్ల తెలుగు బడిలో కొన్ని నెలలపాటు మౌనంగా ఉండడం సహజం. రెండు భాషలు నేర్వడం వల్ల నత్తిగాని, భాషాలోపంగాని రాదు. తేల్చుకునే మార్గం ఒక్కటే. ఇంటి భాషలో ఆమె గలగల మాట్లాడుతుంటే అది కొత్త భాష పట్ల బెరుకు మాత్రమే. ఇంటి భాషలోనూ ఇబ్బంది ఉంటే అది నిజమైన లోపం. కనుక ఇంట్లో ఎలా మాట్లాడుతుందని తల్లిదండ్రులను అడగడం గుర్తింపులో మొదటి మెట్టు.

ఈ మెట్టును నూరేళ్లకు పూర్వమే ఎక్కి చూపిన మహనీయుడు ఈ ప్రాంతం వాడే. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి చేపట్టిన గిడుగు, సమీపంలోని కొండలలో నివసించే సవరల స్థితిని గమనించారు. సవర పిల్లలకు మాటలు లేక కాదు, వారి మాట బడికి రాక చదువు అందడం లేదని గ్రహించారు. పిల్లలను మార్చబూనుకోక, ముందుగా తామే వారి భాష నేర్చుకోసాగారు. లిపి లేని ఆ భాషను తెలుగు లిపిలో రాసి వాచకాలు కూర్చారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ కొండలలో తిరిగినప్పుడు సోకిన మన్యపు జ్వరానికి వాడిన క్వినైను మందు వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. ఇతరుల మాట వినడానికి కొండలెక్కిన మనిషికి ఆ వినికిడే కరవైంది. అయినా ఆయన వినడం మానలేదు. పిల్లవాని నోటిలోని భాషను గౌరవించి అక్కడి నుండి చదువు మొదలుపెట్టాలన్న ఆయన సూత్రం వృథా పోలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ మొదలైన గిరిజన భాషలలో ప్రాథమిక విద్యాబోధనను ప్రారంభించింది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

నిజంగా లోపమే ఉన్నదని అనిపించినప్పుడు ఏం చేయాలి? ఉపాధ్యాయుడు చికిత్సకుడు కాడు. రోగనిర్ణయం చేయవలసిన పని ఆయనది కాదు. కాని రోజుకు ఆరేడు గంటలు పిల్లలను గమనించే అవకాశం వైద్యునికి కూడా లేదు. ఆ అవకాశం ఉపాధ్యాయునిదే. చెప్పిన మాటను పదేపదే ‘ఆఁ?’ అని అడిగే పిల్ల, ఎదుటివారి పెదవుల వంక చూసే పిల్ల, చూసిన సంఘటనను వరుసగా చెప్పలేని పిల్లవాడు, తన ఈడువారితో ఆడక చిన్నపిల్లలతోనే ఆడేవాడు, ఇంట్లో మాట్లాడుతూ బడిలో నెలల తరబడి నోరు విప్పనివాడు – వీరిని ఒక పుస్తకంలో తేదీలతో రాసుకుంటే చాలు. ఆ నాలుగు వాక్యాలు వైద్యునికి ఎంతో ఉపకరిస్తాయి.

తరగతిలో చేయదగిన సాయానికి ఖర్చు లేదు. వినికిడి తక్కువైన పిల్లను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ఆమె వైపు తిరిగి, వెలుతురు ముఖాన పడేటట్లు నిలబడి మాట్లాడాలి. నల్లబల్లతో మాట్లాడే అలవాటు మానుకోవాలి. భాష అందని పిల్లవానికి మూడు పనులను ఒకే వాక్యంలో కాక ఒక్కొక్కటిగా, చేతితో చూపిస్తూ చెప్పాలి. ‘కాకి’ని ‘తాతి’ అన్నవానిని ‘తప్పు, మళ్లీ అను’ అని పదిమార్లు అనిపించడం కంటె, ‘అవును, కాకి ఎగిరిపోయింది, కాకి నల్లగా ఉంది’ అని సరైన రూపాన్ని సహజంగా వినిపించడం మేలు. నత్తి గలవాడు మాట్లాడుతుంటే వాక్యాన్ని అతని బదులు తాము పూర్తి చేయరాదు. ‘నిదానంగా చెప్పు, ఊపిరి పీల్చుకో’ అన్న సలహా కూడా అతనికి భారమే. అతని ముఖంలోకి చూస్తూ, అతడు చెప్పే తీరును కాక చెప్పే విషయాన్ని వింటూ ఓపికపట్టాలి. హాజరుకు నోటితో పలకడం కష్టమైతే చేయి ఎత్తనివ్వవచ్చు. ఏ రోజు, ఏ పేరా చదవాలో ముందే చెప్పి ఉంచవచ్చు. మరొకరితో గొంతు కలిపి చదివించవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ తరగతిలోని తక్కిన పిల్లలకు నష్టం కలిగించదు సరికదా, అందరికీ మేలు చేస్తుంది.

ఆపై చేయవలసిన పనులకు దారులు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినది మొదలు పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను పరీక్షించడానికి ఉద్దేశించినది. వినికిడి లోపం, మాటల ఆలస్యం, చీలిన పెదవి ఆ పరీక్షలలో చేరి ఉన్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం పాఠశాల విద్యాశాఖ భవిత కేంద్రాలను ఏర్పాటు చేసింది. చెవి, ముక్కు, గొంతు వైద్యులను సంప్రదించడానికి నెల్లిమర్లలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. అంతకు మించిన అవసరానికి విశాఖపట్నం చేరువలోనే ఉన్నది. ఏ పిల్లవాని విషయంలోనైనా మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. వినబడని దానిని ఎవరూ పలకలేరు కదా!

చట్టం కూడా ఈ పిల్లల పక్షానే నిలిచింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. నత్తిని అనుకరించి తరగతిని నవ్వించడం సరదా కాదు, వేధింపు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్కు, భాషా వైకల్యం ఒకటి. ఆ లోపం తీవ్రంగా ఉన్నవారు ఇక ఎవరి దయకోసమూ చేయి చాచనక్కరలేదు. తమ హక్కుగా సాయం కోరవచ్చు.

అయితే చట్టం బడి వాకిలి దాకానే రాగలదు. లోపలి నవ్వును ఆపవలసింది తోటి విద్యార్థులే. ఒక పసివాడు బడి మానివేయడానికి పాఠం కష్టం కావడమే కారణం కానక్కరలేదు. రోజూ వినే వెక్కిరింత చాలు. బడి మానిన పిల్లవాడు పశువుల వెంటనో, కూలిపనికో వెళతాడు. ‘చదువు ఎక్కలేదు’ అని ఊరు అనుకుంటుంది. ఎక్కనిది చదువు కాదు, అతని మాటే ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇంటర్మీడియట్ చదివే యువతీయువకులలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. కొందరు వైద్యులు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు అవుతారు. అందరూ ఎవరికో ఒకరికి అన్నలు, అక్కలు, తల్లిదండ్రులు అవుతారు. మాట తడబడే ఒక పసివాడు వారి ఎదుట ఎప్పుడో ఒకప్పుడు నిలబడక మానడు. ఆ క్షణాన అతనికి కావలసినది జాలి కాదు, సలహా కాదు, తొందర అసలే కాదు. వాక్యం పూర్తయ్యే దాకా వినే ఒక మనిషి కావాలి. మాట నేర్పే బడి ముందుగా వినడం నేర్చుకోవాలి.